అరగంట నీళ్లు

మోదుగులకుంటలో ఏ ఇంటి కింద ఏ పైపు పోతుందో చెప్పగలిగిన మనిషి ఒక్కడే. ఆయన పేరు బుచ్చిరాములు, ఊరికి నీళ్లు విడిచేది ఆయనే. మండల ఆఫీసు బీరువాలో ఊరి పైపుల నక్షా ఒకటి ఉందంటారు. అది గీసిన తర్వాత ఊరు రెండింతలైంది, పైపులు ఎన్నోచోట్ల పగిలాయి, అతుకులు పడ్డాయి, దారులు మారాయి. నక్షా మాత్రం మడత నలగకుండా ఉంది. అందుకే నల్లా ఆగితే జనం ఆఫీసుకు పోరు, బుచ్చిరాములు ఇంటికి పోతారు.

కల్లు గీసే గౌండ్ల ఇంట్లో పుట్టినవాడు. ఇరవయ్యారేళ్ల వయసులో తాటిచెట్టు మీదినుంచి పడితే ఎడమకాలు విరిగింది. సిద్దిపేట దవాఖానలో మూడు నెలలు పడుకున్నాడు. కాలు అతికింది గానీ కాస్త పొట్టిదైంది. ఇక చెట్టు ఎక్కలేడని తేలాక పంచాయతీలో నీళ్ల పని ఇచ్చారు. ముప్పై ఏళ్లుగా అదే పని. నడుమెత్తు ఇనుప చావి భుజాన వేసుకుని తెల్లవారుజామున ఐదింటికి బయల్దేరి, ఒక్కో బజారు వాల్వు తిప్పుకుంటూ, కుంటుకుంటూ ఊరంతా తిరుగుతాడు. మధ్యమధ్యలో ఆగి చావి ఒక కొన నేలకు ఆనించి, రెండో కొన చెవి దగ్గర పెట్టుకుని కింద నీళ్లు పారుతున్నాయో లేదో వింటాడు. ఈ విద్య ఎవరూ నేర్పలేదు. దవాఖానలో డాక్టరు రోగుల రొమ్ము మీద గొట్టం పెట్టి వినడం మూడు నెలలు చూసి పట్టుకున్నాడు.

రోజూ తప్పకుండా ఆగి వినే చోటు ఒకటుంది. పెద్ద బజారులో రాంచందర్ ఇంటి గేటు ముందు. అక్కడ వాల్వు లేదు, మలుపు లేదు, ఎన్నడూ లీకైన జాగ కూడా కాదు. పొట్టికాలు నొప్పి పెడితే ఆగుతున్నాడని జనం అనుకునేవాళ్లు. అడిగినవాళ్లు లేరు.

రాంచందర్ ఊళ్లో పెద్ద రైతు. సిద్దిపేటలో మోటార్ల దుకాణం ఉంది. ఒకప్పుడు సర్పంచి. ఈసారి సీటు ఆడవాళ్లకు వస్తే భార్య ప్రమీలాదేవి నిలబడి గెలిచింది. మనిషి కోపిష్టే, కానీ మర్యాద దగ్గర మెత్తబడతాడు. ఇంటికి ఎవరు వచ్చినా చాయ్ తాగేలోపు ఆయన చెప్పే మాట ఒకటుంది.

"మా బుచ్చిరాములు మర్యాద తెలిసిన మనిషి. పంచాయతీ చార్టుల ఆరింటికి బందు చెయ్యాలని ఉంటది. మా బజారుకు మాత్రం ఆరున్నర దాక ఇడుస్తడు. నేను ఒక్కనాడు అడగలే. ఆయినకే తెలుసు."

గేటు బయట వంగి ఉన్న బుచ్చిరాములుకు ఈ మాట ఎన్నిసార్లు వినబడిందో లెక్కలేదు. విన్న ప్రతిసారీ తల ఇంకొంచెం వంచేవాడు. దాన్ని కూడా రాంచందర్ వినయమనే అనుకునేవాడు. ఆ అరగంట ఆయన కోసం కాదని ఎట్లా చెప్పడం?

అది కంకరగడ్డ కోసం. ఊరు దాటాక చెరువు వైపు పల్లంలో ఇరవై రెండు ఇళ్లున్నాయి. క్వారీలో బండ కొట్టే కుటుంబాలు. ఎక్కడినుంచో పనికి వచ్చి అక్కడే ఉండిపోయారు. కట్టుకున్న చోటు శిఖం భూమి, అంటే చెరువుకు చెందిన నేల. అందుకని ఇంటి నంబర్లు ఇవ్వలేదు. నంబరు లేని ఇంటికి నల్లా లేదు. పదేళ్ల కింద ఒక ఎండాకాలం చెరువు పర్రెలు విచ్చింది, బోర్లు ఎండాయి. ట్యాంకరు నంబర్లున్న ఇళ్ల ముందే ఆగేది. కంకరగడ్డ ఆడవాళ్లు రెండు కిలోమీటర్లు పోయి, వ్యవసాయ బావిలోకి దిగి చెంబుతో తోడుకునేవాళ్లు. ఒకరోజు అక్కడ బండ కొట్టే పెద్దయ్య భార్య బావి మెట్ల మీద జారిపడి నడుము విరగ్గొట్టుకుంది. ఆమెను ఆటోలో ఎక్కించిన వాళ్లలో బుచ్చిరాములు ఉన్నాడు. పడితే ఎట్లుంటుందో తెలిసినవాడు గనుక, ఆమె అరుపు ఆయనకు వారం రోజులు నిద్ర పట్టనివ్వలేదు.

ఆ వారంలోనే రాంచందర్ ఇంటిల్లిపాదీ పెండ్లికి పోయారు. బుచ్చిరాములు, పెద్దయ్య కలిసి రాత్రిళ్లు గేటు ముందు తవ్వి, పెద్ద పైపుకు బెజ్జం పెట్టి, అంగుళం పైపు కలిపి, పల్లం దాకా గుంజారు. కంకరగడ్డ మధ్యలో ఒకటే నల్లా. పెద్ద బజారులో మోటార్లు గుంజి ట్యాంకులు నింపుతున్నంతసేపు ఆ సన్న పైపులోకి నీళ్లు పోవు. ఆరింటికల్లా ట్యాంకులు నిండుతాయి. అప్పుడు పోతాయి. ఆరు నుంచి ఆరున్నర దాకా ఇరవై రెండు ఇళ్లకు ఆ అరగంటే ఆధారం. ఆ అరగంటలో రాంచందర్ ట్యాంకు పొంగి జామచెట్లకు పారుతుంది. అదే ఆయన చూసేది.

పదేళ్లు ఇట్లాగే గడిచింది. ఇంకో పదేళ్లు గడిచేదేమో, మనస్విని రాకపోతే.

మనస్విని పంచాయతీ కార్యదర్శి. సిద్దిపేట నుంచి స్కూటీ మీద వస్తుంది. ముప్పై కూడా ఉండవు. ఊరి నీళ్లు, మురుగు పారే మోర్లు, రోడ్లు వచ్చే ఐదేళ్లలో ఎట్లా ఉండాలో ఊరూ ఆఫీసులూ కలిసి కూర్చుని ప్లాను వేసుకోవాలని పైనుంచి కాగితం వచ్చింది. ఇట్లాంటి కాగితాలు మోదుగులకుంటకు కొత్త కాదు. బ్యానరు కడతారు, మైకులో మాట్లాడతారు, బిస్కెట్లు పంచుతారు, చాయ్ చల్లారేలోపు సంతకాలైపోతాయి. ప్లాను అంతకుముందే ఎవరో రాసి పెట్టుంటారు. ఈసారి ఆ పిల్ల కాగితంలో ఉన్నది ఉన్నట్టు చేసింది. బుచ్చిరాములుకు వచ్చిన చిక్కంతా అక్కడే.

శుక్రవారం పొద్దున బడి మైదానం ఊడ్పించి, కళ్లాపి చల్లించి, ఊరి నక్షాను నేల మీద ముగ్గుతో వేయమంది. మగవాళ్లు చెప్పాలి, ఆడవాళ్లు వేయాలి. బజార్లు తెల్లముగ్గు, పైపులు నీలిరంగు, వాల్వు ఉన్నచోట గుండ్రని సున్నా. ఇళ్లు ఎవరివి వాళ్లు చింతగింజలతో పెట్టుకోవాలి. మండలం నుంచి వినయ్ అనే ఇంజనీరు వచ్చాడు. చేతిలో ఆఫీసు నక్షా ఉంది, ఎట్టకేలకు దానికి గాలి తగిలింది.

"నేల మీద ఉన్నదే ప్లానులకు పోతది," అంది మనస్విని. "ఉన్నది ఉన్నట్టు చెప్పుండ్రి. ముగ్గుల లేనిది ఐదేండ్ల దాక లేనట్టే."

నీలిరంగు గిన్నె చంద్రవ్వ చేతికిచ్చారు. ఊళ్లో ముగ్గు అంటే ఆమే. చంద్రవ్వ బుచ్చిరాములు భార్య. మొగుడు చెప్తుంటే పెళ్లాం గీస్తుంటే చుట్టూ చేరినవాళ్లు నవ్వారు. ఇద్దరూ ఇంట్లో ఇంత మాట్లాడుకుంటారా అని ఎవరో అన్నారు. బుచ్చిరాములుకు నవ్వు రాలేదు. నీళ్ల ట్యాంకు దగ్గర మొదలుపెట్టి గౌండ్ల బజారు, కుమ్మరి సందు, బడి వెనక లైను ఒక్కోటీ చెప్పుకుంటూ వచ్చాడు. ఇంజనీరు ఆఫీసు నక్షా చూసుకుంటూ తప్పులు దిద్దుకున్నాడు. దిద్దుకుని దిద్దుకుని చివరికి దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

పెద్ద బజారు వచ్చింది. చంద్రవ్వ వంగి గీత గీసుకుంటూ రాంచందర్ గేటు దాకా వచ్చి ఆగింది. పిడికిట్లో రంగు పట్టుకుని తలెత్తి మొగుడి ముఖం చూసింది. ఆమెకు అంతా తెలుసు. పదేళ్ల కింద ఆయన మట్టి చేతులతో ఇంటికొచ్చినప్పుడు నీళ్లు పోసింది ఆమే.

"గంతే," అన్నాడు బుచ్చిరాములు. "ఆడికే ఒడిసింది."

చంద్రవ్వ గీత కొసన చిన్న పువ్వు వేసి లేచింది. నాలుగు రేకులు, మధ్యలో గుండ్రని చుక్క.

కంకరగడ్డ గింజలు ఎవరూ పెట్టలేదు. పెట్టడానికి వాళ్లు రాలేదు. చాటింపు ఊరి లోపలే తిరిగింది, వాళ్లు అప్పటికే క్వారీకి పోయారు. మనస్విని అడిగింది కూడా, ఆ పల్లంలో ఇళ్లున్నాయి గదా అని. నంబర్లు లేని ఇళ్లు ఇప్పుడు పెడితే లెక్క కలవదన్నాడు వినయ్. ఆమె నోటుబుక్కులో ఏదో రాసుకుంది. తర్వాత బడి మిద్దె ఎక్కి ఫోనులో ముగ్గంతా ఫొటో తీసుకుంది.

దిగి వచ్చాక ఇంజనీరు ఫొటో పెద్దది చేసి చూశాడు. "గిది కొత్తగున్నది. రాంచందర్ సార్ ఇంటి ముంగట వాల్వు ఉన్నదా? మా దాంట్ల లేదు."

పువ్వు మధ్య చుక్కను వాల్వు సున్నా అనుకున్నాడు ఇంజనీరు. బుచ్చిరాములు నోరు తెరిచేలోపే ఆయన రాసేసుకున్నాడు. బుధవారం జేసీబీ తెచ్చి కొత్త మోర్ల కోసం నాలుగుచోట్ల తవ్వి చూస్తారట. మొదటి గుంత అక్కడే. నక్షాలో లేని వాల్వు ఏ సైజుదో ప్లాను కమిటీ అంతా నిలబడి చూడాలట. ఆ తర్వాత గ్రామసభ, సంతకాలు.

ఇంటికొచ్చే దారంతా బుచ్చిరాములు అదే లెక్క వేసుకున్నాడు. సరిగ్గా అతుకు ఉన్నచోటే తవ్వుతారు. సన్న పైపు అందరి ముందూ బయటపడుతుంది. దొంగ కనెక్షను కింద కోసి పారేస్తారు. ముప్పై ఏళ్ల పని పోతుంది. పోతే పోనీ, రాంచందర్ ముఖం ఎట్లా చూడాలి? కంకరగడ్డ ఆడవాళ్లు మళ్లీ ఆ బావి మెట్లు దిగాలి.

"పువ్వు ఎందుకేసినవే?" అని అడిగాడు, గడప దాటగానే.

చంద్రవ్వ పొయ్యి దగ్గర నుంచి లేవలేదు. "గీతను గట్ల మొండిగ ఇడుస్తరా? కొసకు పువ్వెయ్యకుంటే ఏ ఇంట్లనన్న ముగ్గు ఒడుస్తదా?"

"నా కొంప ముంచినవ్."

"నువ్వు ఒడిసిందంటివి. నాకు ఒడిసినట్టు అనిపియ్యలే. చెయ్యి ఊకోలే, ఏసిన."

అది అలవాటో, కావాలని చేసిందో ఆయనకు అర్థం కాలేదు. అడిగే ధైర్యం కూడా లేకపోయింది. ఆ రాత్రి అన్నం సయించలేదు.

మర్నాడు కంకరగడ్డకు పోయాడు. పెద్దయ్య వాకిట్లో ఉలికి పదును పెడుతున్నాడు. డెబ్బై దాటినా పని మానని మనిషి. ఆయన భార్య గోడ పట్టుకుని నడుస్తోంది, నడుము ఇంకా వంకరే. సంగతంతా విని పెద్దయ్య ఉలి పక్కన పెట్టాడు.

"తీసెయ్యి తమ్మీ," అన్నాడు. "బుధవారం లోపు అతుకు పీకి బెజ్జం మూసెయ్యి. తవ్వితే ఏం దొరకది. నీ నౌకరి నిలవడతది."

"మరి మీరు?"

"నీళ్లు లేనప్పుడు గూడ బతికినం గదా. పదేండ్లు తాపినవ్, ఇంకెంత చేస్తవ్."

తిట్టి ఉంటే బాగుండేది. నువ్వు చెప్పకపోతే ఎవరు చెప్తారని గల్లా పట్టుకుని ఉంటే ఇంకా బాగుండేది. తీసెయ్యమని అంత మెల్లగా చెప్పేసరికి బుచ్చిరాములుకు ఏడుపు వచ్చినంత పనైంది. పెద్దయ్య భార్య చెంబుతో నీళ్లు ఇచ్చింది. తాగకుండా పక్కన పెడితే బాగుండదని తాగాడు.

ఆదివారం, సోమవారం ఏమీ చేయకుండానే గడిచాయి. పని చేస్తున్నాడే గానీ మనసు మనసులో లేదు. గౌండ్ల బజారుకు రెండుసార్లు విడిచి, కుమ్మరి సందును మరిచిపోయాడు. ముప్పై ఏళ్లలో అట్లా ఎన్నడూ జరగలేదు. మంగళవారం తెల్లవారుజామున పార, పానా, ఒక చెక్క బిరడా గోనెసంచిలో పెట్టుకుని నాలుగున్నరకే పెద్ద బజారుకు చేరాడు. గేటు ముందు కూర్చున్నాడు. మట్టి తీస్తే మూరెడు లోతు, పావుగంట పని. ముందు చావి నేలకు ఆనించి చెవి పెట్టాడు, అలవాటు గదా. ఇంకా ఏ వాల్వూ తిప్పలేదు, లోపల చప్పుడు లేదు. బెజ్జం మూస్తే ఆరు దాటాక ఎప్పుడు విన్నా ఇట్లాగే ఉంటుంది. ఆ నిశ్శబ్దం వినడం ఆయన వల్ల కాలేదు. అయినా పార తీశాడు.

గేటు కిర్రుమంది. రాంచందర్, బనీను మీద శాలువ కప్పుకుని నిలబడ్డాడు.

"ఏం రాములు, గింత పొద్దుగాల్ల?"

"వాల్వు జాగ చూసుకుందామని పటేలా. రేపు తవ్వుతరు గదా."

"తవ్వేటానికి మిషిను వస్తుంటే నువ్వెందుకు ఆయాసపడుడు. రా, చాయ్ తాగుదువు."

లోపలికి పిలిచి, వరండాలో కుర్చీ వేయించి చాయ్ ఇచ్చాడు. ప్రమీలాదేవి వచ్చి ఎదురుగా కూర్చుంది. ఇంజనీరు ఎంత మెచ్చుకున్నాడో చెప్పింది. ఊరి పైపులన్నీ తలకాయలో పెట్టుకున్న మనిషని మండలంలో కూడా చెప్పుకుంటున్నారట.

"గందుకే రేపు గ్రామసభల నీకు శాలువ కప్పుతున్నం," అన్నాడు రాంచందర్. "నేనే తెప్పించిన. నా చేతులతోనే కప్పుత. మా బజారుకు చేసింది ఊకె పోదు."

బుచ్చిరాములు గోనెసంచి కాళ్ల కింద దాచుకుని, తల ఊపి, ఎట్లాగో బయటపడ్డాడు. అప్పటికి ఐదు దాటింది, బజారులో మనుషులు తిరుగుతున్నారు. అతుకు అతుకులాగే ఉంది.

బుధవారం పదింటికి జేసీబీ వచ్చింది. మనస్విని, వినయ్, కమిటీ మెంబర్లు, సర్పంచి ప్రమీలాదేవి, వాళ్ల వెనక ఊరు. తవ్వకం ఎక్కడైనా జనం నిలబడి చూస్తారు, అందులో రాంచందర్ గేటు ముందంటే చెప్పేదేముంది. రాంచందర్ గేటులో చేతులు కట్టుకుని, ఇంటి శుభకార్యానికి నిలబడ్డట్టు నిలబడ్డాడు. చంద్రవ్వ ఆడవాళ్లలో వెనక ఉంది. డ్రైవరు బకెట్ ఎత్తాడు.

బుచ్చిరాములు ముందుకు వచ్చి దాని కింద నిలబడ్డాడు.

"జరుగన్నా," అన్నాడు డ్రైవరు.

"మేడం, ఈడ వాల్వు లేదు."

మనస్విని ఫోను చూసింది. "ముగ్గుల ఉన్నది గదా."

"అది పువ్వు మేడం. మా ఇంటామె ఏసింది." ఎవరో నవ్వారు. ఆయన నవ్వు ఆగేదాకా ఆగాడు. చావి మీద బరువు వేశాడు. "వాల్వు లేదు గని ఈడ అతుకు ఉన్నది. పదేండ్ల కింద నేనే ఏసిన. ఈడికెల్లి కంకరగడ్డకు సన్న పైపు పోతది. మిషినుతోని గుంజితే తెగుతది. చేతులతోని తవ్వుండ్రి, నేనే తవ్వుత."

వినయ్ సైగ చేస్తే డ్రైవరు ఇంజను బందు చేశాడు. బుచ్చిరాములు ఇంజనీరును చూడలేదు, కార్యదర్శిని చూడలేదు. రాంచందర్ వైపే చూశాడు.

రాంచందర్ కట్టుకున్న చేతులు వదిలాడు. "అంటే గా అరగంట..."

"కంకరగడ్డకు పటేలా. మీ ట్యాంకు నిండినంకనే వాళ్లకు ఎక్కుతయ్."

"నాకు కాదన్నట్టు."

బుచ్చిరాములు తల వంచాడు.

"పదేండ్ల సంది పదిమందికి చెప్పుకున్న," అన్నాడు రాంచందర్. గొంతు పెంచలేదు. "నువ్వు గీడనే వంగి ఇనుకుంట ఉన్నవ్. ఒక్కనాడన్న చెప్పకపోతివి." లోపలికి పోయి గేటు వేసుకున్నాడు. కోపం చేసి ఉంటే బుచ్చిరాములు తట్టుకునేవాడే. ఆ గేటు చప్పుడు మాత్రం ఆయన గుండెలో పడింది.

బుచ్చిరాములు తవ్వి అతుకు చూపించి, మట్టి కప్పాక గ్రామసభ బడి మైదానంలో పెట్టారు. దొంగతనంగా లైను గుంజినవాణ్ణి పనిలోంచి తీసేయాలని పెద్ద బజారువాళ్లు కొందరు లేచారు. మా ఇంటికి ప్రెషరు అందుకే లేదని ఇంకొకాయన అన్నాడు, ఆయన ఇల్లు ఆ లైను మీదే లేదు. అనుమతి లేని కనెక్షను కనబడితే తీయించి, రిపోర్టు రాయక తప్పదన్నాడు వినయ్.

మనస్విని మైకు తీసుకుంది. ఆమెకూ ఇది కొత్తే. "రాయుండ్రి సార్. పైపు ఉన్నదని రాస్తే, అది ఎవరింటికి పోతుందో గూడ రాయాలె. ఇరవై రెండు ఇండ్లు ఉన్నయని రాయకుంట పైపు ఒక్కటే ఎట్ల రాస్తరు?"

కంకరగడ్డ వాళ్లను పిలిపించమంది ప్రమీలాదేవి. వచ్చేదాకా సభ లేవదని కూడా అంది. మొగుడు పక్కన లేకుండా ఆమె సభలో మాట్లాడటం ఊరు అదే మొదటిసారి చూసింది. గంట తర్వాత క్వారీ దుమ్ముతోనే వాళ్లు వచ్చారు. ముగ్గు ఐదు రోజుల గాలికి చెదిరిపోయి ఉంది, నీలి గీతలు మసకగా కనబడుతున్నాయి. చంద్రవ్వ ఎవరూ చెప్పకముందే గిన్నె అందుకుని, పువ్వు దగ్గర వంగి అక్కడినుంచి పల్లం దాకా గీత గుంజింది. కంకరగడ్డ వాళ్లకు చింతగింజలు మిగల్లేదు. ఆడవాళ్లు కొంగుల్లో ఇంత కంకర తెచ్చుకుని ఇంటికొక రాయి పెట్టారు. పెద్దయ్య రెండుసార్లు లెక్కపెట్టాడు. మనస్విని మళ్లీ మిద్దె ఎక్కి ఫొటో తీసింది.

తీర్మానం రాశారు. ఇరవై రెండు ఇళ్లకు లైను అడుగుతూ ప్లాను మండలానికి పోవాలి. ఒప్పుకుంటారో లేదో ఎవరికీ తెలియదు, శిఖం భూమి సంగతి చిన్నది కాదు. తేలేదాకా పాత పైపు ముట్టొద్దు. విచారణ అయ్యేదాకా బుచ్చిరాములు వాల్వులు ముట్టొద్దు. చావి పంచాయతీ ట్రాక్టరు నడిపే మహేందర్‌కు ఇవ్వాలి. బుచ్చిరాములు చావి ఇచ్చి ఉత్త చేతులతో నిలబడ్డాడు. బల్లమీద మడిచిపెట్టిన శాలువను ఏం చేయాలో ఎవరికీ తోచలేదు. చివరికి ఇంజనీరుకు కప్పారు.

మర్నాడు నాలుగింటికే మెలకువ వచ్చింది. పోవడానికి పని లేదు. మంచం మీద కూర్చుని కూర్చుని, ఐదున్నరకు ఒక్కసారిగా గుర్తొచ్చింది. అరగంట. లైను చెప్పాడు, అతుకు చెప్పాడు, తీర్మానంలో అన్నీ రాయించారు, అరగంట సంగతి మాత్రం ఎవరూ రాయలేదు. చార్టు ప్రకారం పెద్ద బజారు వాల్వు ఆరింటికి బందు. ఆరింటికి బందైతే కంకరగడ్డకు చుక్క ఎక్కదు. ఉన్న పైపు ఉండీ లేనట్టే.

చెప్పులు కూడా వేసుకోకుండా పోయాడు. పెద్ద బజారు మొదట్లో వాల్వు దగ్గర మహేందర్ నిలబడి ఉన్నాడు, చేతిలో చావి, ఇంకో చేతిలో ఫోను. ఐదు నలభై.

"మహేందర్, ఈయాల జెర ఆలస్యంగ బందు చెయ్యాలె."

"నాకు చెప్పకన్నా," అన్నాడు మహేందర్ ఇబ్బందిగా. "మేడం చార్టు ఇచ్చింది. టైము రాసి సంతకం నేనే పెట్టాలె. ఈ బజారోళ్లు నిన్నటి సంది నా దిక్కే చూస్తుండ్రు. నువ్వు ఈడ నిలబడ్డా బాగుండదు."

నిజమే. బుచ్చిరాములు పక్కకు జరిగి గోడకు ఆనుకున్నాడు. మేడం స్కూటీ తొమ్మిదింటికి గానీ రాదు. ఆ అరగంట పెద్ద బజారుది, అడిగితే పెద్ద బజారునే అడగాలి. నాలుగిళ్ల అవతల రాంచందర్ గేటు ఉంది. దాన్ని తట్టే ముఖం తనకు లేదు. పల్లంలో నల్లా చుట్టూ బిందెలు వరుసగా పెట్టి ఉంటారు, పెద్దయ్య భార్య గోడ పట్టుకుని వచ్చి ఉంటుంది. ఐదు యాభై. ట్యాంకులు ఒక్కొక్కటే నిండుతున్న చప్పుడు. రాంచందర్ ట్యాంకు పొంగి జామచెట్ల మీద పడటం మొదలైంది. మహేందర్ ఫోను చూసుకున్నాడు, వంగి చావి వాల్వులో దించాడు.

"ఆగు."

రాంచందర్ గేటు బయటికి వచ్చి నిలబడ్డాడు. బుచ్చిరాములు ఉన్న వైపు చూడలేదు.

"ఆరయింది పటేలా," అన్నాడు మహేందర్.

"చార్టుల ఆరు. మా బజారుకు ఆరున్నర." వెనక్కి తిరుగుతూ, "ఎవరన్న అడిగితే నేను ఇడవమన్న అని చెప్పు," అన్నాడు. పొంగుతున్న ట్యాంకు కిందికి పోయి, జామచెట్లకు పారే నీళ్లను నల్లా తిప్పి బందు చేశాడు.

మహేందర్ చావి పైకి తీసి, ఏమనుకున్నాడో, బుచ్చిరాములు చేతికిచ్చాడు. బుచ్చిరాములు దాన్ని రాంచందర్ గేటు ముందు నేలకు ఆనించి, వంగి, రెండో కొన చెవికి పెట్టుకున్నాడు. నీళ్లు పోతున్నాయి.